ఫ్యాక్టర్ ఇంజెక్షన్: గాయం అరకులో, మందు విశాఖలో అయితే ఎలా?

హిమోఫిలియా ఉన్న పిల్లాడికి మోకాలు వాచిందంటే లోపల రక్తస్రావం మొదలైనట్టే. వీలైతే రెండు గంటల్లోపు ఫ్యాక్టర్ ఎక్కించాలి. అరకు నుంచి విశాఖ కేజీహెచ్‌కు వంద కిలోమీటర్లకు పైనే, అదీ ఘాట్ రోడ్డు. రోడ్డు లేని ఊళ్ల నుంచైతే ముందు డోలీ మోత. ఆ రెండు గంటలూ దారిలోనే పోతాయి. అందుకే డాక్టర్ సలహాతో, శిక్షణ పొంది ఇంట్లోనే వేసుకునే పద్ధతి కొండ ప్రాంతాలకు చాలా అవసరం.

ఏ ఫ్యాక్టర్?
హిమోఫిలియా-ఎ అయితే ఫ్యాక్టర్ 8, బి అయితే 9. ఒకదాని బదులు మరొకటి పనిచేయదు. డోసు బరువును, రక్తస్రావాన్ని బట్టి డాక్టరే చెప్పాలి.

ఇంట్లో జాగ్రత్తలు
- సాధారణంగా 2–8 డిగ్రీల చలిలో ఉంచాలి. గడ్డకట్టనివ్వొద్దు. కరెంటు పోతే ఐస్‌ప్యాక్ పెట్టె వాడండి, సీసా ఐస్‌కు తగలకూడదు.
- పొడిలో దాంతో ఇచ్చిన ద్రవమే కలపాలి. కుదపకుండా మెల్లగా తిప్పాలి. కలిపాక లేబుల్‌పై రాసిన గడువులోపే వాడాలి.
- నరంలోకి నెమ్మదిగా ఎక్కించాలి. తేదీ, బ్యాచ్ నంబరు రాసుకోండి.
- ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు.

తలకు దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్, వెంటనే 108. మందు వేసినా రక్తం ఆగకపోతే ఇన్‌హిబిటర్ పరీక్ష అడగండి.

హిమోఫిలియాను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. ఆ గుర్తింపు కొండ మీద అక్కరకు రావాలంటే పాడేరు, అరకు ఆసుపత్రుల ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఫ్యాక్టర్ ఉండాలి.