చార్మినార్‌ చుట్టూ మనుషులూ ఉన్నారు

చార్మినార్‌ చుట్టూ రాళ్లు పరిచారు, దీపాలు పెట్టారు, వాహనాలను ఆపారు. మంచిదే. అయితే 1591లో వెలసిన ఆ కట్టడం ఒంటరి స్తంభం కాదు, నాలుగు బజార్ల కూడలి. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్‌ బోర్డుకు ఈ ఎరుక ఉండేది. అందుకే దగ్గర్లోని పత్తర్‌గట్టీలో రాతి కమానుల వరండాలు కట్టి, నడిచేవాడికి నీడనూ వ్యాపారికి కొట్టునూ ఒకేచోట ఇచ్చింది. నేడు ఆ వరండాల్లో సరుకు మూటలను తప్పించుకుంటూ నడవాలి.

ముఖద్వారాలకు రంగులు వేసే శ్రద్ధ వెనుక గదుల దాకా వెళ్లడం లేదు. 2025 మే 18న చార్మినార్‌ దగ్గరి గుల్జార్‌హౌజ్‌ వద్ద ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది బలయ్యారు. కింద నగల దుకాణాలు, పైన కాపురం, దిగడానికి ఒకే ఇరుకు మెట్లదారి. పాతబస్తీలో ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. లాడ్‌ బజార్‌ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిని చేసేవారు మాత్రం ఇరుకు గదుల్లో నిప్పుల ముందే కూర్చుంటున్నారు.

పాతబస్తీకి మెట్రో రావాల్సిందే. దానికన్నా ముందు గల్లీగల్లీనా విద్యుత్‌ తీగల తనిఖీ, రెండో మెట్లదారికి ఆర్థిక సాయం, ఇరుకు సందుల్లో దూరగల చిన్న ఫైరింజన్లు కావాలి. వారసత్వ నిధుల్లో తొలి వాటా వీటికే కేటాయించాలి.