విద్యుత్తు కారుకి పొగ ఎక్కడిది?

పొగ వదలని కారుకి పొగ సుంకమా? 2016లో సింగపూరులో సరిగ్గా ఇదే జరిగింది. హాంకాంగు నుంచి తెచ్చుకున్న ఒక సెకండ్ హ్యాండ్ టెస్లా మోడల్ ఎస్ కారుకి 15,000 సింగపూరు డాలర్ల కర్బన సుంకం పడింది. పరీక్షలో అది కిలోమీటరుకి 444 వాట్-అవర్ల కరెంటు తాగింది. వాట్-అవరుకి అర గ్రాము చొప్పున విద్యుత్కేంద్రం వదిలే బొగ్గుపులుసు వాయువుని లెక్కగట్టి, కిలోమీటరుకి 222 గ్రాములని తేల్చారు.

విద్యుత్కేంద్రం పొగని లెక్కలోకి తీసుకోవడం న్యాయమే. ఇక్కడి కరెంటులో అధికభాగం సహజవాయువుని మండిస్తేనే వస్తుంది. కానీ పెట్రోలు కారుకి మాత్రం గొట్టంలోంచి వచ్చే పొగనే కొలిచారు. జురాంగ్ దీవిలో చమురుశుద్ధి కర్మాగారాల పొగని దాని ఖాతాలో వెయ్యలేదు. రెండు ప్రోగ్రాముల వేగాన్ని పోల్చాలంటే రెండింటినీ ఒకే కంప్యూటరు మీద నడపాలని మనకి వేరే చెప్పాలా?

ఇంకొక మాట. సీఓఈ పదేళ్ళది. ఈలోగా గ్రిడ్డులో సౌరవిద్యుత్తు కలిసినకొద్దీ విద్యుత్తు కారు లెక్క మెరుగవుతుంది. పెట్రోలు ఇంజనుకి ఆ అవకాశం లేదు. అందుకే నా ఓటు విద్యుత్తు కారుకే. కాకపోతే, "నా కారుకి పొగే లేదు" అని మాత్రం చెప్పుకోకండి!