ముందు వారు, తర్వాత రంగు

తాత మోరిస్ మైనర్‌కి రంగు కొట్టించడానికి లక్షన్నర అవుతుందని గ్యారేజి అతను చీటీ రాసిచ్చాడు. ఇంట్లో అందరూ సరే అన్నారు. ముందు తలుపు పట్టీలు మార్పిద్దాం అని నేనంటే మాత్రం ఒక్కరూ పలకలేదు. "అది చిన్న పనిలే, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ "తర్వాత" మీదే నా కొట్లాట. వాట్సాప్‌లో చెప్పి చూశాను. నా మాట మీద మూడు గుడ్ మార్నింగులు, ఒక పూలగుత్తి పడ్డాయి.

తలుపు పట్టీ అంటే ఏందో తెలియనివాళ్ళకు చెప్తాను. కారు తలుపు తెరిస్తే ఒకచోట ఆగుతుంది కదా, దాన్ని ఆపేది అదే. ఇంగ్లీషులో చెక్ స్ట్రాప్ అంటారు. మైనర్ లాంటి పాత ఇంగ్లీషు బండ్లలో అది తోలుదో, గుడ్డ కలిపిన రబ్బరుదో ఒక చిన్న ముక్క. ఒక కొస బాడీ స్తంభానికి, ఇంకో కొస తలుపు అంచుకు ఉంటుంది. తలుపు తెరిచేకొద్దీ బిగుసుకుంటుంది, పూర్తిగా బిగిసినచోట తలుపు ఆగిపోతుంది. కొత్త కార్లలో మాదిరి తలుపును సగంలో నిలబెట్టే పని దీనిది కాదు. ఆపడం ఒక్కటే దీని పని.

మా అవ్వ దాన్ని "వారు" అంటుంది. ఎద్దులబండి కాలం మాట, తోలుపట్టీ అని అర్థం. నేను కన్నడ మీడియంలో చదువుకున్నప్పుడు కొరడాను "బారుకోలు" అని నేర్చుకున్నాను. ఆ బారూ ఈ వారూ ఒకటే అని చాలా ఏళ్ళకు తట్టింది. మన "వ" అక్కడ "బ" అయింది, అంతే. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల అంగళ్ళలో మాత్రం వారు అంటే మొహం చూస్తారు, డోర్ చెక్ అనాల్సిందే.

సరే, అసలు సంగతికి వస్తాను. మాది రెండు తలుపుల మైనర్. నాలుగు తలుపుల బండికన్నా తలుపు పొడుగు, బరువు. వారు తెగితే ఆ తలుపు ఆగకుండా ముందుకు పోయి మడ్‌గార్డును కొడుతుంది. మొదట రంగు లేస్తుంది, తర్వాత రేకు సొట్ట పోతుంది. దెబ్బ దెబ్బకూ బందుల మీద బరువు పడి తలుపు వాలుతుంది. ఇంక మూయాలంటే చేత్తో ఎత్తి వేయాలి.

పోయిన ఏడు కైవారం తాతయ్య గుడికి పోయినప్పుడు వాలు రోడ్డులో బండి ఆపారు. అవ్వ ఎప్పుడూ తలుపు పట్టుకునే దిగుతుంది. ఆ రోజు ఎడమ తలుపు వారు తెగి తలుపు ముందుకు పోయింది, దాంతోపాటు అవ్వా తూలింది. వెనక మా అత్త ఉండి పట్టుకుంది. లేకుంటే ఎనభై దాటిన మనిషి తుంటి ఎముక సంగతి ఏమయ్యేది? ఇంటికొచ్చినాక అందరూ వంగి చూసింది మడ్‌గార్డు సొట్టను. ఆ సొట్ట నుంచే ఈ రంగు మాట పుట్టింది! అంటే సొట్ట ఎందుకు పడిందో అది వదిలేసి, సొట్ట మీద రంగు వేయడానికి లక్షన్నర కడుతున్నాం.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఒక తప్పు దొరికితే రెండు గళ్ళు విడివిడిగా నింపాలి. దీనివల్ల ఎంత చెడుతుంది అన్నది ఒకటి, ఎంత తొందరగా సరిచేయాలి అన్నది ఇంకొకటి. చిన్న వస్తువు కాబట్టి చిన్న తప్పు అనుకోవడం కొత్తగా చేరినవాళ్ళు చేసే పని. వస్తువు ఖరీదు చూడకూడదు, అది పోతే ఇంకేం పోతుందో చూడాలి. అన్నట్టు ఆ గడిలో "మైనర్" అని కూడా ఒక మాట ఉంటుంది. అందులో పడిన తప్పును ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోరు. మా బండికి ఆ పేరే ఉండడం దాని ఖర్మ.

చిన్నాయన వాదన వేరే. "నాయన చేయి పడిన బండి, ఏదీ మార్చొద్దు, ఒరిజినల్‌గా ఉండనీ" అంటాడు. బండి తోలడం నాకు నేర్పింది ఆయనే, ఆయన మాట తీసేయను. కానీ తలుపు అట్ట విప్పి ఆ తెగిన వారును బయటికి తీశాను కదా, అది ఇంగ్లండు కౌలీ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కానే కాదు. ఎద్దుల జీను తోలు రెండు పొరలు కలిపి కుట్టింది. బెజ్జాలు చేత్తో పొడిచినవి, వరస కూడా సరిగా లేదు. తాతే ఎప్పుడో మార్పించాడు. తాత చేసిన పనినే మనమూ చేస్తే తప్పేంది?

వింటేజ్ రిజిస్ట్రేషన్ పోతుందేమో అని ఇంకో భయం పెట్టారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు 50 ఏళ్ళు దాటిన బండికి వర్తిస్తాయి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదు అన్నది అందులో షరతు. జానెడు పట్టీని పట్టుకొని ఎవరూ బండిని పక్కన పెట్టరు.

గ్యారేజి అతను "సుమ్నె" ఒక నైలాన్ తాడు కట్టి పంపాడు. తాడు సాగుతుంది, ముడి జారుతుంది, తలుపు మూసేటప్పుడు సందులో ఇరుక్కుంటుంది. అమెరికాలో ఉన్న మా పెద్దనాయన కొడుకు ఇంగ్లండు నుంచి కొత్తవి తెప్పిద్దాం అంటున్నాడు. మైనర్ సామాను అక్కడ ఇప్పటికీ అమ్ముతారు, నిజమే. తెప్పించనీ. కానీ పార్సిల్ వచ్చేదాకా అవ్వను బండి ఎక్కించకుండా ఉంటారా? చెప్పులు కుట్టే అతని దగ్గర మందం తోలు ఉంది, సాయంత్రానికి పని అయిపోతుంది.

కొలత ఒక్కటే జాగ్రత్తగా తీసుకోవాలి. తెగిన ముక్కను కొలిచి లాభం లేదు, అది సాగిపోయి ఉంటుంది. తలుపు మెల్లగా తెరిచి, మడ్‌గార్డుకు రెండు వేళ్ళ ఎడం ఉండగానే ఆపి, అక్కడ కొలవాలి. పొడుగైతే దెబ్బ తగులుతుంది, పొట్టిదైతే అవ్వకు దిగడానికి చోటు చాలదు. తోలును ఒక రాత్రి బరువు వేలాడదీసి సాగనిచ్చి, తర్వాతే బెజ్జాలు పొడవాలి. స్క్రూ తల కింద వెడల్పు రేకు బిళ్ళ వేయకపోతే బెజ్జం దగ్గరే మళ్ళీ చిరుగుతుంది. స్తంభంలో తుప్పు పట్టిన స్క్రూలకు ముందురోజే నూనె వేసి పెట్టాలి. వీటన్నిటికన్నా ముందు తలుపును కొస దగ్గర పట్టి పైకి ఎత్తి చూడాలి. ఆడుతోందంటే బందులు అరిగినట్టే, అప్పుడు ఏ వారూ తలుపును సరిగా నిలపదు. ఒకటి తెగితే రెండోదీ కలిపి మార్చడం మంచిది, అదీ అన్నేళ్ళు పనిచేసిందే కదా.

బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో మీ ఇళ్ళ ముందు కవరు కప్పి పెట్టిన అంబాసిడర్లు, పద్మినీలు ఉంటాయి. తలుపు ఆపే ఏర్పాటు ఒక్కో బండికి ఒక్కో తీరు. పండగకు పూలదండ వేసేముందు ఒకసారి తలుపు తెరిచి ఎక్కడ ఆగుతుందో చూడండి.

రంగు డబ్బులో నా వాటా ఇవ్వనని చెప్పేశాను. వారు పడ్డ మర్నాడు ఇస్తాను. తోలు కొన్నాను, మేడమీద ఇటుక కట్టి వేలాడుతోంది. ఆదివారం పొద్దున పని మొదలు. తలుపు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి, చిన్నాయనా, నువ్వే రావాలి.