పాతాళానికి లావా పోసిందెవరు?

మన పౌరాణిక యానిమేషన్లలో పాతాళం ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు. నల్లటి రాళ్ళు, మధ్యలో కుతకుతా ఉడికే లావా, అక్కడక్కడా పుర్రెలు, పైన ఎర్రటి పొగ. పాతాళమైనా అదే, నరకమైనా అదే, రాక్షసుడి గుహైనా అదే. ఒక్క సెట్టు వేసి మూడింటికీ వాడేస్తున్నారు. మనమేమో "గ్రాఫిక్స్ అదిరాయి" అనుకుంటూ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేస్తున్నాం.

నా బాధ గ్రాఫిక్స్ గురించి కాదు. ఆ లావా అసలు మనది కాదు.

భాగవతం అయిదో స్కంధం తీయండి (తెలుగులో దీన్ని రాసింది పోతన కాదు, గంగన). భూమి కింద ఏడు లోకాలు: అతలం, వితలం, సుతలం, తలాతలం, మహాతలం, రసాతలం, పాతాళం. సంస్కృత మూలం వీటిని బిలస్వర్గాలంటుంది. బిలంలో ఉన్న స్వర్గం అండీ బాబూ! మయుడు కట్టిన నగరాలు, తోటలు, సరస్సులు. అక్కడివాళ్ళకి ముడతలు రావు, జుట్టు నెరవదు, చెమట పట్టదు. సూర్యుడు లేడు కాబట్టి పగలూ రాత్రీ తేడా లేదు. మరి వెలుతురో? మహానాగుల పడగల మీద మణులే దీపాలు.

ఈ ఒక్క ముక్క చాలు, లైటింగ్ ఆర్టిస్టుకి పండగ. కాంతి ఒకచోట నిలబడదు, పాముతో పాటు కదులుతుంది. వాసుకి పడగ ఎత్తితే సభంతా వెలుగు, దించితే చీకటి. నీడలు గోడల మీద పాకుతూ ఉంటాయి. ఎవరికి కోపం వచ్చిందో డైలాగ్ అక్కర్లేకుండా లైటే చెప్పేస్తుంది. మహాతలంలో ఉండే కద్రువ సంతానానికి ఎప్పుడూ గరుత్మంతుడి భయమే. అంటే అక్కడ ప్రతి పాత్రా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకసారి పైకి చూడాలి. యాక్టింగ్ నోట్ కూడా పురాణమే ఇచ్చేసింది!

రంగులు కావాలా? విష్ణు పురాణంలో ఈ ఏడు లోకాల నేలలూ వేరు వేరు: తెలుపు, నలుపు, అరుణం, పసుపు, గులకరాళ్ళు, రాతినేల, బంగారం. రెడీమేడ్ కలర్ స్క్రిప్ట్. పైగా నారదుడు అక్కడికి వెళ్ళొచ్చి స్వర్గం కన్నా పాతాళమే బాగుందని స్వర్గవాసుల ముందే చెప్తాడు. ఎర్ర పొగలో ఊపిరాడని చోటు గురించి ఎవరైనా అలా చెప్తారా?

పోనీ నరకమైనా సరిగ్గా చూపిస్తున్నామా? భాగవతం లెక్కలో అవి 28. కత్తులే ఆకులైన అడవి అసిపత్రవనం ఉంది, అంధకూపం ఉంది, వైతరణి ఉంది. మనకి మాత్రం నూనె బాణలి ఒక్కటే గుర్తుంటుంది. అంతెందుకు, దాంతే 14వ శతాబ్దంలో రాసిన నరకంలో కూడా అట్టడుగున ఉండేది మంట కాదు, గడ్డకట్టిన సరస్సు. అంటే మనం కనీసం వాళ్ళ పుస్తకాన్ని కూడా కాపీ కొట్టలేదు. ఏదో వీడియో గేమ్ లెవెల్‌ని కొట్టాం.

ఇదంతా ఎందుకు జరుగుతుందో కొంచెం తెలుసు నాకు. రెండేళ్ళు ఒక యానిమేషన్ స్టూడియోకి పైప్‌లైన్ టూల్స్ రాశాను (పేరెందుకు లెండి). రెండరింగ్‌కి వారాలు ఇచ్చేవాళ్ళు, కాన్సెప్ట్ ఆర్ట్‌కి రెండు రోజులు. రిఫరెన్స్ ఫోల్డర్ నిండా విదేశీ సినిమాల స్క్రీన్‌షాట్లే. రివ్యూలో వచ్చే కామెంట్ ఒక్కటే: "ఇంకొంచెం రెడ్ పెంచండి". పురాణం తిరగేసిన ఒక కుర్రాడు తెల్లటి నేలతో బొమ్మ వేస్తే "ఇది స్వర్గంలా ఉంది" అని తిప్పి పంపించారు. అలాగే ఉండాలి మహాప్రభో!

బడ్జెట్ లేదంటారు. శుద్ధ అబద్ధం. లావాకి ఫ్లూయిడ్ సిమ్యులేషన్ కావాలి, పొగకి వాల్యూమెట్రిక్స్ కావాలి. రెండర్ ఫామ్‌ని తినేసేవి ఇవే. నేల తెల్లగా వెయ్యడానికి ఒక్క రూపాయి ఎక్కువ కాదు. పిల్లలకి అర్థం కాదంటారు. 2017లో పిక్సార్ 'కోకో' తీసింది. ఆ టీం మెక్సికో వెళ్ళి తిరిగి, చూసి, మృతుల లోకాన్ని అడుగున పిరమిడ్లు, వాటి మీద తర్వాతి కాలాల భవనాలు పేర్చుకుంటూ కట్టింది. వంతెన బంతిపూల రేకులతో వేసింది. ఎక్కడో ఉన్న మన పిల్లలకి కూడా అది చక్కగా అర్థమైంది. బంతిపూలు మనకి లేవా?

మనకి చేతకాదా అంటే, కంప్యూటర్లు లేని రోజుల్లోనే చేశాం. 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957) చూడండి. గోఖలే, కళాధర్ కళ. ముందు కాగితం మీద బొమ్మ, తర్వాతే మేకూ సుత్తీ.

అసలు జబ్బు మన ఐటీ వాళ్ళకి బాగా తెలిసిందే. డిజైన్ ఆన్‌సైట్‌లో, చాకిరీ ఆఫ్‌షోర్‌లో. ఏళ్ళ తరబడి ఎవరో గీసిన బొమ్మని కదిలించీ కదిలించీ, తీరా మన కథ మన చేతికొచ్చేసరికి స్పెక్ చదివే అలవాటే పోయింది. రిక్వైర్‌మెంట్స్ తెరవకుండా పాత ప్రాజెక్ట్ కోడ్ కాపీ చేసి పేరు మార్చి డెలివరీ ఇస్తే మన మేనేజర్ ఊరుకుంటాడా? మరి సుతలంలో బలి చక్రవర్తి గుమ్మం ముందు సాక్షాత్తూ వామనుడు కాపలా ఉంటే, అక్కడ పుర్రెలు పేర్చినవాణ్ణి మనమెందుకు ఊరుకుంటున్నాం?

ఈ పిల్లలు పెద్దయ్యాక పుస్తకం తెరిస్తే, మణుల వెలుగు చదువుతూ కూడా లావానే ఊహించుకుంటారు. ఒకసారి పడిన బొమ్మ చెరగదు. కాబట్టి నిర్మాతలకి నా డిమాండ్ ఒక్కటే. రెండర్ ఫామ్‌కి పెట్టే డబ్బులో ఒక్క నెల జీతం తీసి కాన్సెప్ట్ ఆర్టిస్టుకివ్వండి. ఆ నెల రోజులూ అతన్ని బొమ్మ గీయమనొద్దు, చదవమనండి. ముందు ఆ ఎరుపు మాత్రం తగ్గించండి.