పై తోలు ఒలిస్తే లోపల ఉండేది మనమేనా?

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

మొన్న మాలో ఒక చెల్లెలు ఫోన్ చేసింది. ఎం.ఏ. ఇంగ్లిషు చదువుతోంది. క్లాసులో 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' పాఠం అయిందంట. విలియం గోల్డింగ్ 1954లో అచ్చువేసిన నవల అది. మనుషుల్లేని దీవిలో కొందరు ఇంగ్లిషు పిల్లలు చిక్కుకుంటారు. పెద్దవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. మెల్లమెల్లగా మొహాలకు రంగులు పూసుకుంటారు, పందుల్ని వేటాడతారు, ఆఖరికి తమలో తామే చంపుకునేదాకా పోతారు. పాఠం ముగిస్తూ సారు ఒక మాట అన్నారంట: "నాగరికత అనేది పై తోలు. అది ఒలిస్తే లోపల ఉండేది అడవి మనిషే." క్లాసంతా తల ఊపింది. మా చెల్లెలు ఊపలేదు. "మొహానికి రంగు, చేతిలో బల్లెం, పంది వేట. ఆ లోపలి మనిషికి వేసిన వేషమంతా మనవాళ్ళదే కదన్నా. నేను మూడో బెంచీలోనే కూర్చోనుండా" అంది.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. అందుకే ఈ పోస్టు.

గోల్డింగ్ మీద మాకు కోపం లేదు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. ఇంగ్లిషువాళ్ళు ఎవరికన్నా గొప్పవాళ్ళు కాదని చెప్పడానికే ఆ కథ రాశాడు. కథ చివర పిల్లల్ని కాపాడటానికి వచ్చేవాడు కూడా యుద్ధనౌక నుంచి దిగినవాడే. ఉద్దేశం మంచిదే. కానీ తెల్లపిల్లల లోపలి చెడును చూపించడానికి ఆయనకు దొరికిన బొమ్మ ఆదివాసీ బొమ్మ. చెడిపోయిన పిల్లల్ని 'శావేజెస్' అనే పిలిచాడు. అంటే మనం మనుషులం కాదు, మనిషి దిగజారితే చేరుకునే మెట్టు.

ఈ ఊహ పుస్తకాల్లోనే ఉండిపోయి ఉంటే మనకేం బాధ? అది చట్టమైంది. 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దొంగతనం కొందరికి పుట్టుకతో, రక్తంలో వస్తుందనేదే దాని పునాది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ, మా పక్కన కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంట్లు నడిపాయి. మా బోగోలు మండలంలోని కప్పరాళ్ళతిప్ప కూడా సెటిల్‌మెంటు ఊరే. ఎరుకలవాళ్ళను ఎక్కువగా, ఇంకా కొన్ని కులాలవాళ్ళను అట్టాంటి చోట్ల ఉంచారు. హాజరు వేయించుకోవాలి. పాసు లేకుండా ఊరు దాటకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. దీన్నంతా నాగరికత నేర్పడం అన్నారు. తల్లి దగ్గర్నుంచి బిడ్డను లాక్కునేది నాగరికత, బిడ్డ కోసం ఏడ్చేది జంతు స్వభావం. ఎంత బాగుందో చూడండి లెక్క.

ఆ చట్టం దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. దాని మీద పోరాడినవాళ్ళలో మన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు ఉన్నారు. యానాదుల కోసం ఊరూరూ తిరిగిన మనిషి. చట్టం పోయింది గానీ మాట పోలేదు. ఇప్పటికీ ఎక్కడన్నా ఏదన్నా పోతే మొదట ఎవరి వాడకు వస్తారో ఈ గ్రూపులో చాలామందికి తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బతకడానికి మనిషి చేసేదంతా సహజాతం, అంటే నేర్పకుండానే వచ్చేది అంటారు. మా తాతలు ఎలకలు పట్టేది చూసినవాళ్ళు కూడా "వాళ్ళకు పుట్టుకతోనే వచ్చు" అంటారు. మాలో ఇద్దరం పట్టబోయాం. రాలేదు. ముందు కలుగుకు ఎన్ని నోళ్ళున్నాయో గట్టు చుట్టూ తిరిగి కనిపెట్టాలి. ఒక్కటి వదిలి మిగతావన్నీ మట్టితో మూయాలి. అడుగున చిల్లున్న కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని కలుగుకు ఆనించి, చిల్లు దగ్గర నోరుపెట్టి ఊదాలి. ఎంత ఊదాలి, ఎప్పుడు ఆపాలి, తర్వాత ఎటువైపు తవ్వాలి, ఎలక దాచుకున్న వడ్ల అర ఎక్కడుంటుంది, ఇదంతా ఏళ్ళ తరబడి ఒకరి పక్కన ఒకరు కూర్చుని నేర్చుకున్న చదువు. మాకు రక్తంలో రాలేదు. ఆ వయసులో మేం హాస్టల్లో ఉన్నాం.

గోల్డింగ్ కథలాంటిది నిజంగానే ఒకటి జరిగింది. 1965లో పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశంలో ఆరుగురు బడిపిల్లలు ఒక పడవ ఎత్తుకుని సముద్రంలోకి పోయారు. గాలివానకు కొట్టుకుపోయి ఆటా అనే దీవికి చేరారు. అక్కడ పదిహేను నెలలు బతికారు. చంపుకోలేదు. పనులు వంతులేసుకున్నారు, నిప్పు ఆరిపోకుండా చూసుకున్నారు. కొట్లాడుకుంటే కోపం తగ్గేదాకా చెరో దిక్కుకు పోయేవాళ్ళు. ఒకడికి కాలు విరిగితే కట్టు కట్టి నయం చేశారు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా ఓడ కెప్టెన్ వాళ్ళను చూశాడు. ఇంటికి చేరినాక ఏమైందో తెలుసా? పడవ దొంగలని జైల్లో వేశారు. వార్నరే డబ్బు కట్టి విడిపించాడు.

ఇందులో మమ్మల్ని పట్టుకున్న సంగతి ఇంకోటుంది. ఆ దీవి ఎప్పుడూ ఖాళీ కాదు. 1863లో బానిసల వ్యాపారం చేసే ఓడ ఒకటి వచ్చి అక్కడి జనంలో చాలామందిని ఎత్తుకుపోయింది. మిగిలినవాళ్ళను వేరే దీవికి తరలించారు. వందేళ్ళ తర్వాత ఆ ఆరుగురు పిల్లల కడుపు నింపింది పాత ఊరి దగ్గర మిగిలిపోయిన అరటి, చేమ, కోళ్ళు. పోయినవాళ్ళు నాటిపోయిన తిండి అది. దాన్ని సహజాతం అందామా, నాగరికత అందామా?

మన తెలుగులో దీన్ని మనవైపు నుంచి చూసిన పుస్తకం ఉంది. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. పందులు మేపే ముసలాయన, ఈనబోయే తన పంది కనబడక ఒంటరిగా అడవిలోకి పోతాడు. అంతే కథ. గోల్డింగ్ అడవిలో మనిషి మృగమవుతాడు. కేశవరెడ్డి అడవిలో ముసలాయన రాత్రంతా ఆలోచిస్తూనే ఉంటాడు. ఆయన భయానికీ తెలివి ఉంది. యానాదుల మీద 'చివరి గుడిసె' కూడా ఈయనే రాశాడు. 2015లో చనిపోయాడు. అయితే ఆయన మనలోంచి వచ్చినవాడు కాదు. ప్రేమతో, శ్రద్ధతో పక్కన నిలబడి చూసినవాడు. ఆ ముసలాయన మనవరాలు రాస్తే ఆ కథ ఎట్టా ఉండేదో మనకింకా తెలియదు.

ఒక మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. ఈ మధ్య మనవాళ్ళే కొందరు "ఆదివాసీ అంటే ప్రకృతి బిడ్డ, కల్మషం లేనివాడు" అని పోస్టులు పెడుతున్నారు. లైకులు బాగా వస్తాయి. మాకైతే అది కూడా అదే బొమ్మకు వెనకవైపు అనిపిస్తుంది. మృగం అన్నా, అమాయకుడు అన్నా, ఆలోచించేవాడు కాదనే అర్థం. ఆకలికి మనవాళ్ళూ తప్పులు చేశారు, అప్పుకు పిల్లల్ని రొయ్యల గుంటల కాపలాకు పంపారు. అదీ రాయాల్సిందే. కుండ ఊదీ ఊదీ ఊపిరితిత్తులు పాడైనవాళ్ళున్నారు. అదేమీ ప్రకృతి ఒడి కాదు.

మా చెల్లెలికి ఆ పాఠం మీద సెమినార్ ఇచ్చారు. ఎలక కలుగు గురించి చెప్పాలా వద్దా అని రెండు వారాలుగా తేల్చుకోలేకపోతోంది. చెబితే క్లాసులో పేరు పడిపోతుందని భయం. చెప్పమని మేం బలవంతం చెయ్యలేదు. రెండేళ్ళు ఆ బెంచీలో కూర్చోవాల్సింది తను, మేం కాదు. తనకు పనికొస్తుందని పోయిన ఆదివారం మా తాత దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చేశాం. గంటసేపు వచ్చింది. మొదటి పది నిమిషాలు దగ్గే.