వర్తకము - సామాజిక మాధ్యమములు

మంచి సరకునకు డప్పుకొట్టుట యెందులకని మన పట్టణములలోని పెద్దవర్తకులు పలువురు నేటికిని ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. తాతలనాటి కొట్టు, ఇచ్చిన మాట, ఇరుగుపొరుగుల నోట మంచిపేరు - వీనిమీదనే వారి వ్యాపారములు రెండుమూడు తరములుగా నిలిచియున్నవి. కాని ఆ నోటిమాట నేడు కొట్టు అరుగుమీద పుట్టుట లేదు. పెండ్లిచీరలకు బయలుదేరు కుటుంబము మొదట సెల్‌ఫోను తెఱచి చూచుచున్నది. ఆడపడుచు పంపిన ఛాయాచిత్రమును, ఎవరో అపరిచితుడు వ్రాసిన నాలుగు మాటలను చదివి, ఏ వీధికి పోవలెనో ఇంటియొద్దనే నిర్ణయించుకొనుచున్నది. వర్తకుని పేరు అతడు లేనిచోట, అతని నెఱుగనివారి చేతిలో తూకము వేయబడుచున్నది.

2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు వెల్లడించిన లెక్కలను బట్టి మన దేశములో వాట్సాపును 53 కోట్లమంది, యూట్యూబును 44.8 కోట్లమంది, ఫేసుబుక్కును 41 కోట్లమంది, ఇన్‌స్టాగ్రామును 21 కోట్లమంది ఉపయోగించుచుండిరి. ఏ పత్రికకును ఇంతమంది చదువరులు లేరని చెప్పుటకు మాకు సంకోచము లేదు. కావున ఈ సంతలో అడుగుపెట్టవలెనా వద్దా యను చర్చకు కాలము గడచినది. వర్తకుడు అచట లేకున్నను అతనినిగూర్చిన ప్రసంగము జరుగుచునే యుండును. ఇక తేలవలసినది, అతడు దానికొక విధానము నేర్పఱచుకొనునా, లేక గాలికి వదలునా యనునదే. మేనల్లుని చేతికి ఫోనిచ్చి "ఏదో యొకటి పెట్టుచుండుము" అనుట విధానము కాదు. సంక్రాంతికిని ఉగాదికిని శుభాకాంక్షల బొమ్మలు ప్రకటించి, నడుమ వచ్చిన ప్రశ్నలలో ఒక్కదానికిని బదులియ్యని అంగళ్లు మన యూళ్లలో ఎన్ని లేవు?

సరకు నెచట, ఎవరికి, ఎట్లు చూపవలెనో ముందుగా యోచించుకొనుట మన పూర్వులకు తెలియని విద్య కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో ఆ మందును ఉచితముగా పంచిపెట్టించిరని ప్రసిద్ధి. తలనొప్పి మందును తలలు కూడినచోటనే పంచవలెనని ఆయన గ్రహించిరి. నేడు తలలు కూడుచోటు మాఱినది. యోచన మాత్రము ఆయన చేసినదే చేయవలసియున్నది.

ఈ సందర్భమున పోచంపల్లి చీరను ఉదాహరణముగా తీసికొందుము. దాని పనితన మంతయు నేతకు ముందే ఆరంభమగును. నూలును లెక్కప్రకారము కట్లుకట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, మరల ముంచి, పిమ్మట మగ్గమున కెక్కింతురు. బొమ్మ నూలులోనే పుట్టియుండును గనుక బట్ట వెనుకవైపునను ముందువైపువలెనే కనబడును. పోచంపల్లి ఇక్కతునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకుముందు 1985లోనే కొన్ని రకముల వస్త్రములను చేమగ్గములకు ప్రత్యేకించుచు పార్లమెంటు శాసనము చేసినది. శాసనములు ఉండగనే మరమగ్గపు బట్టమీద ఆ బొమ్మలనే అచ్చువేసి, ఆ పేరే పెట్టి, అందులో కొద్దిపాటి వెలకు అమ్మువారు అమ్ముచునేయున్నారు.

ఇచట మన నేతవర్తకులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. మడతపెట్టిన చీరను ముందునుండి తీసిన ఛాయాచిత్రములో అసలుచీరకును అచ్చుచీరకును భేదము కనబడదు. అట్టి చిత్రములను దినమున కిరువది చొప్పున ఫోనులో ప్రకటించువాడు తనకు తెలియకయే నకిలీవానికి తోడ్పడుచున్నాడు. ఏలయన, రెండును ఒకటే యనిపించినపుడు చూచువాడు వెల తక్కువైన దానినే కోరును. కావున నకిలీవాడు చూపలేని దానిని చూపుటయే అసలువాని విధానము కావలెను. కట్లు కట్టుచున్న వ్రేళ్లను చూపవలెను. రంగుకుండనుండి పైకివచ్చు నూలును చూపవలెను. మగ్గము చప్పుడు వినిపింపవలెను. చీరను తిరుగవేసి వెనుకవైపు చూపవలెను. వెల యెంతయో, పట్టో నూలో, రవికెగుడ్డ కలదో లేదో, ఎట్లు ఉదుకవలెనో దాపఱికము లేక తెలుపవలెను. "వెలకు ఫోను చేయుడు" అను వాక్యముతో ఎంతమంది గిరాకీదారులు వెనుదిరుగుచున్నారో వర్తకులు యోచించినట్లు లేదు. ఒక నిమిషము నడచు చిత్రము అరగంట బేరముకంటె మిన్నగా పనిచేయును. దీనికి గొప్ప పెట్టుబడి అక్కఱలేదు. పని జరుగుచోట వెలుతురును, నిజము చూపవలెనను పట్టుదలయు నున్న చాలును.

దీనివలన లాభపడువాడు అంగడివాడు మాత్రమే కాడు. నేతగానికిని, కొనువానికిని నడుమ నున్న చేతులు ఎన్ని తగ్గిన, మగ్గము యొద్దకు చేరు రూపాయి అంత పెరుగును. 2020లో మహమ్మారివలన అంగళ్లు మూతపడినపుడు మగ్గములున్న యిండ్లలో చీరలు గుట్టలుగా నిలిచిపోయినవి. కొనువారి ఫోను సంఖ్యలు తమయొద్ద నుంచుకొనినవారు నేరుగా చిత్రములు పంపి కొంత సరకు కదల్చుకొనగలిగిరి. షావుకారునే నమ్ముకొన్నవారికి ఆ త్రోవయు లేకపోయెను. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను నివసించు తెలుగువారు పండుగకు స్వదేశపు నేతను కోరుచునే యున్నారు. వారు మన వీధిలోనికి రాలేరు గాని మన మగ్గమును చూడగలరు.

ఇక నిందల సంగతి. 2008లో విమానప్రయాణమున డేవ్ కారోల్ అను కెనడా గాయకుని గిటారు విఱిగినది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారు నెలలతరబడి పరిహారమునకు ఒప్పుకొనలేదు. ఆయన 2009 జూలైలో దానిమీద ఒక పాట కట్టి యూట్యూబున నుంచగా లక్షలకొలది జనులు వినిరి. పరిహారమిత్తుమని సంస్థ ముందుకు వచ్చునప్పటికే నవ్వులపాటు జరిగిపోయినది. అంత పెద్ద కంపెనీకే తప్పని అవస్థ చిన్న అంగడికి తప్పునా? ఫిర్యాదు వచ్చిన దినముననే, పదిమంది చూచుచోటనే మర్యాదగా బదులిచ్చి, సరకు మార్పో సొమ్ము వాపసో వెంటనే తేల్చుట మేలు. ఫిర్యాదును తుడిచివేయుటయు, కొనువానిని ఎదురు నిందించుటయు రెండింతల చేటు. అంగడిలో ఒకనితో ఆడిన పరుషవాక్యము ఆ సాయంకాలమునకు మఱపునబడునేమో. ఫోనులో వ్రాసినదానిని చిత్రముగా పట్టి ఊరూర పంపుదురు. అందువలన అంగడి పేరిట ఎవరు మాట్లాడవలెనో, ఎంతవరకు మాటయియ్యవచ్చునో యజమానుడు ముందుగానే నిర్ణయింపవలెను.

డబ్బుకు పొగడ్తలు వ్రాయించుకొను వాడుకయు ప్రబలినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుత్రోవ పట్టించు ప్రకటనకు మొదటిసారి పదిలక్షలవఱకు, మరల చేసినచో ఏబదిలక్షలవఱకు జరిమానా విధింపవచ్చును. సొమ్మో సరకో పుచ్చుకొని పొగడువారు ఆ సంగతిని స్పష్టముగా చెప్పవలెనని 2023 జనవరిలో కేంద్రమువారు మార్గదర్శకములు వెలువరించిరి. ఇవి మహానగరపు తారలకు మాత్రమే యనుకొని మన వర్తకులు నిశ్చింతగా నుండరాదు.

భూవసతి గల మా చదువరులకు బాగుగా తెలిసిన విషయమొకటి యిందులో కలదు. ఈ మాధ్యమములలో వర్తకుడు సంపాదించు స్థలము కౌలు భూమివంటిది. భూస్వామి విదేశీయుడు, ఇన్‌స్టాగ్రామును 2012లోను, వాట్సాపును 2014లోను ఫేసుబుక్కువారే కొనుగోలు చేయుటచే పొలములు పలుపేళ్లవి యైనను భూస్వామి యొక్కడే. కౌలుషరతులు మార్చుట అతని యిష్టము. 2018 జనవరిలో, వ్యాపారసంస్థల ప్రకటనలకంటె బంధుమిత్రుల మాటలకే ముందుచోటిత్తుమని ఆ కంపెనీవారు ప్రకటింపగా, ఏండ్ల తరబడి అనుచరులను కూడగట్టుకొన్న అంగళ్లవారు సొమ్ము చెల్లించిననేగాని తమ మాట వారికి వినిపింపని స్థితికి వచ్చిరి. 2020 జూన్ 29న భారతప్రభుత్వమువారు టిక్‌టాక్‌తో గూడ 59 చీనా యాపులను నిషేధించిరి. నిషేధపు కారణములతో మాకిచట పనిలేదు; ఆ యొక్కదానిమీదనే పేరు పెంచుకొన్నవారికి తెల్లవారునప్పటికి కాళ్లక్రింద నేల లేకపోయినదని మాత్రము చెప్పుచున్నాము. 2021 అక్టోబరు 4న ఫేసుబుక్కు, వాట్సాపు, ఇన్‌స్టాగ్రాము మూడును సుమారు ఆఱుగంటలు స్తంభించినవి. ఆ ఆఱుగంటలు వాట్సాపునే అంగడిగా చేసికొన్నవాని తలుపునకు తాళము పడినట్లే.

కౌలునేలలో పంట పండించుట తప్పు కాదు. గింజను మాత్రము సొంత గాదెలో పోసికొనవలెను. కొనువారి పేరు, ఊరు, ఫోను సంఖ్య, ఏ కాలమున ఏ సరకు కొందురో ఆ వివరము - ఇవి వారి యనుమతితో సొంత ఆవర్జాలో నెక్కవలెను. సొంత వెబ్‌సైటు, అది లేనిచో అచ్చువేసిన చిరునామా పత్రమైనను ఉండవలెను. చిట్టా ఆవర్జాలను కంటికి ఱెప్పవలె కాపాడుకొను మన కోమటిపెద్దలకు ఈ పాఠము క్రొత్తగా నేర్పవలసిన పనిలేదు. వాట్సాపు సందేశములను గూడ ఆవర్జాగా నెంచవలెనన్నదే వారికి స్ఫురింపవలసినది.

చిన్న నేతగాడు ఈ పని యంతయు ఒంటరిగా చేయజాలడు. చేమగ్గముల సహకారసంఘములును, వర్తకసంఘములును దీనిని చేపట్టవలెను. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌనుహాలులో విదేశవస్తు బహిష్కార తీర్మానము జరిగిన దినమును 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుచున్నాము. ఆ దినమున సంఘముల పుటలలో పూలమాలలతోనున్న పెద్దల చిత్రములు కోకొల్లలుగా కనబడును. చీర యొక్క వెల యెక్కడను కనబడదు. సన్మానముల వ్యయములో కొంత తగ్గించి, ప్రతి సంఘమును నేత కుటుంబములలో చదువుకొన్న యువకునో యువతినో జీతమిచ్చి నియమింపవలెను. తెలుగునను ఇంగ్లీషునను బదులు వ్రాయుట, మగ్గమును చూపుట, ఆవర్జా నడుపుట వారి పని కావలెను. ఆగస్టులో ఈ యేర్పాటు చేసికొన్నయెడల దసరా బేరములకు సరకు చూపుటకు వ్యవధి యుండును.