అమెరికా నుండి వచ్చిన చెవి మిషను

కైకలూరు, ఆకివీడు, మండవల్లి మొదలుకొని ఏలూరు, తాడేపల్లిగూడెముల వరకు గల ఈ కొల్లేటి సీమలో సంతానము విదేశములందున్న గృహములు అనేకములు. అట్టి గృహములలో పెక్కింట, బీరువాలో పట్టుచీరల నడుమ, మిక్కిలి వెల గల చెవి మిషనొకటి తాను వచ్చిన పెట్టెతో సహా భద్రముగా నుండుట నేనెరుగుదును. పంపిన బిడ్డల ప్రేమయందు లోపము లేదు, యంత్రమునందును లోపము లేదు. అది ఏ చెవికి, ఏ చప్పుళ్ల నడుమ, ఎవరి వ్రేళ్లకు అమరవలసియున్నదో విచారింపకయే కొన్నందున మూలబడినది.

2022 అక్టోబరు నుండి అమెరికాలో, తమ వినికిడి కొలదిగానో ఒక మోస్తరుగానో తగ్గినదని తోచిన పెద్దలు, వైద్యుని చీటీ లేకయే, పరీక్ష లేకయే దుకాణమున శ్రవణయంత్రమును కొనుక్కొనవచ్చును. అచ్చటివారికది మేలే అయియుండవచ్చును. ఏలయన కొన్నవాడే పెట్టుకొని, కుదరనిచో మరలిచ్చి, తనకు తానే సరిచూచుకొనును. సముద్రములకావల నున్న కొడుకు తండ్రి చెవిని ఊహించి కొనుటకు ఆ వెసులుబాటు ఏర్పడలేదు.

మన పెద్దలు మొట్టమొదట చెప్పుకొను బాధ, "వినబడుతూనే ఉందిరా, ఏమంటున్నారో తెలియడం లేదు" అని. ఇందులో విడ్డూరమేమియు లేదు. మాటలోని అచ్చులు మందస్థాయి ధ్వనులు, బలము గలవి. హల్లులను వేరుపరచు ఆనవాలు చాలవరకు హెచ్చుస్థాయి ధ్వనులలో, అతిస్వల్పమైన బలముతో నుండును. వయసు చేతను, దీర్ఘకాలము భరించిన రొద చేతను ముందుగా చెడునది ఆ హెచ్చుస్థాయి వినికిడియే. అందుచేత కోడలు "పాలు" అన్నప్పుడు అత్తగారికి దాని తోక మాత్రమే చెవిని పడి, అది పాలో, కాలో, చాలో, తాలో ముఖము చూచి పోల్చుకొనవలసివచ్చును. ఏలూరు జనపనార మిల్లు మగ్గముల నడుమ, తాడేపల్లిగూడెము రైసు మిల్లులలో, చేపల చెరువు గట్లపై డీజిలు ఇంజనుల ప్రక్కన బ్రతుకు గడిపినవారి వినికిడిని పరీక్షించి గీసిన ఆడియోగ్రాములో, 250 హెర్ట్జుల వద్ద ఇంచుమించు సరిగానే యున్న గీత 4000 హెర్ట్జుల యొద్ద ఒక్కసారిగా దిగిపోవుట తరచు కాననగును. అట్టి చెవికి అన్ని ధ్వనులను సమానముగా పెంచు యంత్రమును తగిలించితిమా, గిన్నెల చప్పుడును, లారీ హారనును భరింపరాని మోతలగును. మాట మాత్రము మునుపటివలెనే అస్పష్టముగా నుండిపోవును. వారికి కావలసినది చెవి రంధ్రమును పూర్తిగా మూయక, చిల్లులు గల మెత్తని మూతతో హెచ్చుస్థాయి ధ్వనులను మాత్రమే అందించు యంత్రము. మూసివేసినచో తన గొంతు తనకే కుండలో మాటలాడినట్లు మ్రోగును. అన్ని స్థాయిలును క్షీణించి, లోపము 70, 80 డెసిబెల్లులకు చేరినవారి సంగతి వేరు. వారికి చెవి అచ్చు తీయించి చేసిన మౌల్డును, చెవి వెనుక నిలుచు బలమైన యంత్రమును తప్పవు. ఇంతటి భేదమును పెట్టెపై ముద్రించిన వెల చెప్పజాలదు, ఆడియోగ్రామే చెప్పవలెను.

దానికన్న ముందు చెవి వైద్యుని చూచుట ఆవశ్యకము. గుబిలి గట్టిపడినను, కర్ణభేరికి చిల్లు పడి చీము కారుచున్నను మిషను పెట్టుకొనుట కాదు, చికిత్సయే ప్రథమ కర్తవ్యము.

పైకి కనబడని మిషను కావలెనను కోరికను నేను తప్పుపట్టను. చెవిటివాడన్న పిలుపులోని గాయము పడినవారికే తెలియును. కాని చెవిలో పూర్తిగా ఇమిడిపోవు యంత్రమునకు సాధారణముగా వాడు 10 నంబరు సెల్లు వెడల్పు 5.8 మిల్లీమీటర్లు మాత్రమే. వలలు లాగి, వరి కోసి కాయలు కాచిన వ్రేళ్లకు, శుక్లములు క్రమ్మిన కంటికి దానిని నాలుగైదు దినములకొకసారి మార్చుట ఎట్లు సాధ్యమగును? చెవి వెనుక పెట్టు పెద్ద యంత్రములందలి 675 నంబరు సెల్లు వెడల్పు 11.6 మిల్లీమీటర్లు, అది వ్రేళ్ల మధ్య నిలుచును. చార్జింగు చేయు మిషను ఇంకను సులభమే గాని, రాత్రివేళ కరెంటు నమ్మకముగా నుండు ఇల్లై యుండవలెను. ఇక కొల్లేరు సరస్సు గాలిలోని చెమ్మ మాట: వానకాలమున చెమటయు, తేమయు యంత్రపు గొట్టములో నీటిబొట్టులై నిలిచి ధ్వనిని ఆపివేయును, జింకు సెల్లులు గాలిని పీల్చియే పనిచేయునవి గనుక వాటికిని అతి తేమ హానికరము. కావున కొల్లేటివాసి యంత్రముతో పాటు సిలికా జెల్ డబ్బాను కూడ కొని, ప్రతి రాత్రియు సెల్లు తీసి మిషనునందులో నుంచవలెను. లంక గ్రామముల వారికి ఈ చవుక డబ్బా, యంత్రములోని బ్లూటూత్ కన్న ఉపయోగకరము.

యంత్రమును పరీక్షించు చోటు తలుపులు మూసిన చల్లని గది కారాదు. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో వ్యాపారము చేయువాడు అచ్చటి వేలముపాటల కేకల నడుమ దానిని పెట్టుకొని చూడవలెను. ఎదుటివాని మాటను ప్రక్కల రొద నుండి వేరుచేయు మైక్రోఫోనుల విలువ అచ్చటనే తెలియును. ఇంటిపట్టున నలుగురితో మాటలాడు ముసలమ్మకు ఆ హంగులకై లక్ష వెచ్చించుట అనవసరము. రెండు చెవులును తగ్గినవారు రెండింటికిని పెట్టుకొనుటయే మేలు. ధ్వని ఏ వైపునుండి వచ్చుచున్నదో తెలియుటకు, రోడ్డు దాటువేళ, రెండు చెవులును కావలెను. పైగా ఏండ్ల తరబడి నిశ్శబ్దమునకు అలవాటు పడిన మెదడు మరల ధ్వనులను పోల్చుకొనుటకు వారములు పట్టును. ఆ కాలమందు మరల మరల పోయి ధ్వనిని సరిచేయించుకొనవలెను. అందుచేతనే, భారత పునరావాస పరిషత్తులో నమోదైన వినికిడి నిపుణుడు, అనగా ఆడియాలజిస్టు, బస్సెక్కి పోగలిగినంత దూరమున నున్నప్పుడు, అతడు సరిచేయగల మధ్యరకపు యంత్రము, ఇచ్చట ఎవరును విప్పజాలని విదేశీ యంత్రము కన్న శ్రేష్ఠమని నా దృఢమైన అభిప్రాయము.

వెల మోయలేనివారికి 1981 నుండి, దివ్యాంగులకు ఉపకరణములిచ్చు కేంద్రప్రభుత్వపు అడిప్ పథకము గలదు. శిబిరములలో యంత్రములు పంచుచునే యున్నారు. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము రెండు చెవులలోను 60 డెసిబెల్లుల లోపము గలవారినే లెక్కలోనికి తీసికొనుచుండగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 35 డెసిబెల్లులు దాటినప్పుడే దానిని మధ్యమ లోపముగా గణించుచున్నది. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న కూలివాడు దివ్యాంగ ధ్రువపత్రమునకు అర్హుడు కాడు, అంగడికి పోగల స్తోమత గలవాడు కాడు. వానికి యంత్రమిచ్చు త్రోవ ప్రభుత్వమే చూపవలెను. శిబిరమున ఇచ్చిన యంత్రమును నెల తిరుగునప్పటికి సరిచేయుటకు ఏలూరు, కైకలూరు, ఆకివీడు ఆసుపత్రులలో వారమునకొక దినమైనను ఆడియాలజిస్టు కూర్చుండు ఏర్పాటును దానితో కలిపియే చేయవలెను.

— కొల్లేటివాసి